పువ్వును చూచుటకు ఒక జీవితము చాలునా?

ధ్యానభాగము: మత్తయి 6:25–34



శ్రమదినములు వచ్చునప్పటికి మన మంజీర ఒడ్డున మోదుగుచెట్లు ఆకులు రాల్చి, కొమ్మకొమ్మకు నిప్పు పెట్టినట్లు పూయును. బోరంచలో ఆ చెట్టును ఎరుగనివారు లేరు. దాని ఆకులతో విస్తర్లు కుట్టితిమి, దాని పూలను ఉడికించి రంగు తీసితిమి, దాని కట్టెను పొయ్యిలో పెట్టితిమి. అయితే మోదుగుపువ్వుకు రేకులెన్ని? మొన్న ఆరాధన ముగిసిన తరువాత మేమీ ప్రశ్న అడుగగా పెద్దలు నవ్విరి, పిల్లలు చెట్టుకొరకు పరుగెత్తిరి. ఉన్నచోట ఉండి జవాబు చెప్పినవారు ఒక్కరును లేరు. అడిగిన మాకును అంతకు ముందువారము వరకు తెలియదు.

రేకులు అయిదు. వెనుక నిలిచినది ఒకటి, ప్రక్కల రెండు, క్రింద చిలుకముక్కువలె వంగి ఒకదానితో ఒకటి అతుకుకొనినవి రెండు. ఆ ముక్కులో పది కేసరములు దాగియున్నవి. పువ్వును పట్టుకొనిన దొప్ప నల్లని మఖమలు గుడ్డవలె నుండును. నలువది ఏండ్లుగా చూచుచున్న చెట్టును మేము ఒక్కనాడైనను చూడలేదని అప్పుడు తెలిసినది.

ప్రభువు కొండమీద బోధించుచు, పొలములోని పువ్వులను గూర్చి ఆలోచించుడని సెలవిచ్చెను. అక్కడ గ్రీకు భాషలోనున్న మాటకు ఊరక చూచుట అని అర్థము కాదు. బాగుగా పరిశీలించి నేర్చుకొనుట అని అర్థము. మనము ఆ వాక్యమును చింతపడవద్దను ఆదరణగా మాత్రమే ఎంచి, అందులోనున్న పనిని విడిచిపెట్టితిమి. ఆ పనికే తమ జీవితమంతయు ఇచ్చిన కొందరిని గూర్చి ఈ నెల మీకు చెప్పగోరుచున్నాము.

స్కాట్లండు దేశస్థుడైన విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు 1781లో గోదావరి ప్రాంతమందలి సామర్లకోటకు వచ్చెను. ఈస్టిండియా కంపెనీ కొలువులోనుండి మొక్కలను పరిశోధించుచు, వాటిని చిత్రించుటకు ఈ దేశపు చిత్రకారులను పెట్టుకొనెను. వారు గీసిన 500 చిత్రములు లండనుకు పోగా, వాటిలోనుండి 300 ఏరి ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను గ్రంథముగా 1795 మొదలుకొని 1820 వరకు మూడు సంపుటములలో అచ్చువేసిరి. మొదటి సంపుటములో మన మోదుగుచెట్టు ఉన్నది. మన తెలుగు పేర్లును అందులో ఉన్నవి. చెట్ల పేర్లున్నవి గాని, ఆ చెట్లను గీసినవారి పేర్లు లేవు.

తరువాత రాబర్ట్ వైట్ అను మరియొక స్కాట్లండు వైద్యుడు మద్రాసు రాజధానిలో అదే పని చేసెను. ఆయనయొద్ద 1826 ప్రాంతమునుండి సుమారు ఇరువది ఏండ్లు రంగయ్య అను చిత్రకారుడు పనిచేసెను. అతని తరువాత గోవిందు అను వాడు ఆ కుంచె పట్టెను. వీరు తంజావూరు ప్రాంతపు తెలుగు చిత్రకార కుటుంబములవారని పరిశోధకులు తలంచుచున్నారు. వైట్ దొరగారు 1838 మొదలు 1853 వరకు వెలువరించిన తూర్పుఇండియా మొక్కల చిత్రగ్రంథములో 2,101 పటములున్నవి. వాటిలో అనేకము ఈ ఇద్దరి చేతిపనియే.

ఆ పని ఎట్టిదో ఆలోచించుడి. కోసి తెచ్చిన కొమ్మ వాడిపోకముందే గీయవలెను. ఆకు ఎక్కడ పుట్టినది, ఈనె ఎటు తిరిగినది, మొగ్గ ఎట్లు విచ్చినది, అన్నియు ఉన్నవి ఉన్నట్లే దించవలెను. పిమ్మట పువ్వును విప్పి, రేకును, కేసరమును, గింజను వేరువేరుగా పెద్దవి చేసి చూపవలెను. ఎండబెట్టి కాగితమునకు అతికించిన మొక్క కొంతకాలమునకు రంగు పోగొట్టుకొనును, ఆకారము చెడును. అప్పుడు ఆ మొక్క బ్రదికియున్నప్పుడు ఎట్లుండెనో సాక్ష్యము చెప్పునది ఆ చిత్రమే. చిత్రకారుడు అందముకొరకు లేని రేకు ఒకటి చేర్చినను, విసుగుచేత ఉన్న ముల్లు ఒకటి విడిచినను, అది అబద్ధసాక్ష్యమగును. ఎవరును తప్పు పట్టరని తెలిసియు సరిగా గీయుట చిన్న సంగతి కాదు.

ఇక్కడ మన సంఘములలో కొందరు అడుగునట్టి ప్రశ్నలు మూడున్నవి.

మొదటిది: రూపము చేయవద్దని దేవుడు ఆజ్ఞాపించలేదా? నిర్గమకాండము 20వ అధ్యాయమును తుదవరకు చదువుడి. దానికి సాగిలపడుటయు, దానిని పూజించుటయు అక్కడ నిషేధింపబడినవి. అదే గ్రంథము 25వ అధ్యాయములో దీపవృక్షమునకు బాదముపువ్వుల రూపమున కలశములు చేయుమని దేవుడే ఆజ్ఞాపించెను. 31వ అధ్యాయములో బెసలేలును తన ఆత్మతో నింపి విచిత్రమైన పనులు చేయు జ్ఞానము నిచ్చెను. బాదముపువ్వును ఎన్నడును నిదానించి చూడనివాడు దానిని బంగారములో చేయగలడా?

రెండవది: ఆకలిగొన్నవారున్న లోకములో పువ్వులు గీయుచు కాలము గడుపుట తగునా? ఇది బరువైన ప్రశ్న. వానలు లేక నల్లరేగడి బీటలువారిన ఏట, కంది ఎండిపోయిన ఇంట, దీనిని తేలికగా త్రోసివేయుటకు మాకు నోరు రాదు. కంపెనీవారును కలప, రంగు, మందు మున్నగు లాభములను మనసులో పెట్టుకొనియే ఈ పనికి ధనమిచ్చిరి. అయినను ప్రభువు ఈ మాట ఎవరితో చెప్పెనో చూడుడి. ఏమి తిందుము, ఏమి కట్టుకొందుమని చింతించు బీదలతోనే పువ్వులను చూడుడనెను. బీదవానికి అన్నము కావలెను. కాని అన్నము మాత్రమే కావలెనని మనము అనినయెడల, అతనిని తక్కువచేసినవారమగుదుము. అతనికిని కన్నులున్నవి.

మూడవది: పేరు మిగులని పనికి జీవితము ధారపోయుట వ్యర్థము కాదా? గోవిందు గౌరవార్థము వైట్ దొరగారు 1853లో ఒక సీతామాలతి జాతికి ‘గోవిందూయియా’ అని పేరు పెట్టెను. అయితే ఆ మొక్క అంతకు ముందే పేరు పొందిన ‘ట్రొపీడియా’ అను జాతికి చెందినదని తరువాత శాస్త్రజ్ఞులు తేల్చగా, గోవిందు పేరు ప్రక్కకు తొలగిపోయెను. ఇచ్చిన ఘనతయు నిలువలేదు. నిలిచినది చిత్రము. ఎడింబరో నగరపు వృక్షోద్యానములో ఈ ఇద్దరు గీసినవి వందలకొలది నేటికిని భద్రముగా నున్నవి.

రంగయ్య, గోవిందులు మన విశ్వాసమువారని మేము చెప్పుట లేదు. వారిని బలవంతముగా మన పంక్తిలో కూర్చుండబెట్టము. వారి హృదయములలో నేమి యుండెనో దేవునికే ఎరుక. అయితే దేవుడు చేసినదానియెదుట నిదానముగా కూర్చుండి, దానిని గూర్చి అబద్ధమాడకుండుటలో, వాక్యము చేతపట్టుకొనిన మనకంటె వారు నమ్మకముగా నుండిరి. ఇది మనకు సిగ్గు.

ఈ సిగ్గు మాకు ఊరక కలిగినది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట సండే స్కూలులో ఒక పిల్లవాడు, కంఠత వాక్యము వ్రాయుమనగా, పలకమీద పాలపిట్టను గీసెను. మేము కోపపడి, పలక లాగుకొని, అందరియెదుట ఆ బొమ్మను అరచేతితో తుడిచివేసితిమి. తుడుచుచుండగా ఒకటి కంటబడెను: రెక్క విప్పినప్పుడు మాత్రమే అగపడు నీలిపట్టీలను ఆ పిల్లవాడు బలపపు గీతలతో వేరుచేసి చూపియుండెను. చేలగట్టుమీద ఎంతసేపు నిలువబడి చూచెనో! మేము చూచితిమి, అయినను తుడిచితిమి. వాడు మరల మా యెదుట ఏమియు గీయలేదు. ఆనాడు కంఠత వాక్యము ఏదో మీరు ఊహింపగలరు. పువ్వులను, పక్షులను చూడుమను ఈ అధ్యాయములోనిదే.

తుడిచిన పలక తిరిగి రాదు. అయితే మనుష్యులను గూర్చియు మనమిట్లే చేయుచున్నాము గదా! వీడు తాగుబోతు, ఆమె గయ్యాళి, వారిది ఫలాని ఇల్లు అని ఒక్క చూపుతో గీత గీసి ముగింతుము. ఒక ఆకును గూర్చి అబద్ధము చెప్పుటకు రంగయ్య ఒప్పుకొనకపోగా, పొరుగువానిని గూర్చి మనమేల అంత త్వరపడుదుము? మోదుగుపువ్వుకే అంత నిదానము కావలసినయెడల, దేవుని స్వరూపమందు చేయబడిన మనుష్యునికి ఎంత కావలెను?

కాబట్టి ఈ శ్రమదినములలో మీ పిల్లలకు ఒక కాగితము, ఒక పెన్సిలు ఇచ్చి మోదుగుచెట్టు క్రింద కూర్చుండబెట్టుడి. మీరును ప్రక్కన కూర్చుండుడి. వంకరగా వచ్చినను నవ్వకుడి. పిమ్మట ఇంటికి పోయి, మీరు ఒక్క మాటతో తేల్చివేసిన ఆ మనుష్యుని మరియొకసారి చూడుడి. ఒక జీవితము చాలునా అని మొదట అడిగితిమి. చాలదు. అందుచేతనే ఈ దినమే మొదలుపెట్టవలెను.

చూచుటకు కన్నులిచ్చిన ప్రభువు, నిదానించుటకు ఓపికయు మనకు దయచేయును గాక. ఆమేన్.