మూడడుగుల నేల

ఎల్లుండి భాద్రపద శుద్ధ ద్వాదశి, వామన జయంతి. పంచాంగంలో ఆ మాట కంటపడగానే ఏటా పోతన భాగవతం అష్టమ స్కంధం తీస్తాను. స్వామి ఇంతింతగా పెరిగి బ్రహ్మాండమంతా నిండిపోయిన ఘట్టం తెలుగువారికి కంఠతా వచ్చు. నన్ను పట్టి నిలిపేది మాత్రం అంతకు ముందు జరిగిన బేరం.

లోకంలో ఎక్కడా లేని బేరమది. అడిగేవాడు తగ్గించి అడుగుతున్నాడు, ఇచ్చేవాడు పెంచి తీసుకోమంటున్నాడు. ఊళ్లు కోరుకో, ఏనుగులు కోరుకో, చిన్నవాడివి, అడగడం తెలియడం లేదని బలి బతిమాలాడు. వామనుడు కదలలేదు. మూడడుగులతో తృప్తి లేనివాడికి ద్వీపం రాసిచ్చినా తృప్తి ఉండదన్నాడు. ఏడు ద్వీపాలేలిన పృథు చక్రవర్తి, గయుడు వంటివారికే ఆశకు అవతలి గట్టు కనబడలేదన్నాడు.

ఇక మన ఆదివారాలు. పురాణ కాలక్షేపానికో, మేనత్తను చూడ్డానికో వెళ్లే రోజు కాస్తా సైటు చూసొచ్చే రోజైపోయింది. తలదాచుకోను ఇల్లు కావాలి, పిల్లల చదువుకు నాలుగు రూపాయలు వెనకేయాలి. అది గృహస్థ ధర్మం, దాన్ని తప్పుపడితే కళ్లు పోతాయి. నా బాధంతా మూడో ప్లాటు గురించి. దాని వాయిదాల కోసం నాన్నగారి కంటి ఆపరేషన్ వచ్చే ఏటికి నెడుతున్నాం. రిజిస్ట్రేషన్ కాగితాలకు పసుపు రాసి, స్వామి పాదాల దగ్గర పెట్టి, పక్క బిట్టు కూడా ఇప్పించమని మొక్కుతున్నాం. మూడడుగులు చాలన్న స్వామి ఎదుట నిలబడి రెండొందల గజాలు చాలవనడానికి నోరెలా వస్తుంది?

ఆ మూడడుగులే మూడు లోకాల్నీ ఆక్రమించాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ అదంతా తన కోసం ఉంచుకున్నాడా? ఇంద్రుడి స్వర్గం ఇంద్రుడికి అప్పగించాడు. తల వంచి మూడో అడుగుకు చోటిచ్చిన బలిని సుతలానికి పంపాడు. స్వర్గం ఏలిన రోజుల్లో బలి వాకిట ఎందరు భటులు నిలబడ్డారో. సుతలంలో మాత్రం గద పట్టుకుని తానే వాకిట ఉంటానని స్వామి మాటిచ్చాడు.

ఎల్లుండి ఉదయం ఆ పుటలు మరోసారి చదువుకుని, ఏమీ అడగకుండా గుడికి వెళ్లి రావాలని ఉంది.