షాదీకి సాక్షులెవరు?

దబీర్‌పురాకి దక్షిణాన కొండమీద ఫలక్‌నుమా. 1884లో వికారుల్ ఉమ్రా మొదలుపెట్టిన మహల్ 2010లో హోటలైంది. 2014లో సల్మాన్‌ఖాన్ చెల్లెలి షాదీ ముంబయి నుంచి అక్కడికొచ్చింది. ఇప్పుడు మా గల్లీల్లోనూ ఊరుదాటి షాదీ చేసే మాటలు.

దూరమైతే వెయ్యిమంది దావత్ తప్పుతుంది, ఖర్చు తగ్గుతుందంటున్నాం. మసీదులో నిఖా చదివించి ఖర్జూరాలు పంచితే ఇంకా తగ్గదా? నిఖాకి కావలసింది ఈజాబ్-ఖుబూల్, మెహర్, ఇద్దరు సాక్షులు. మహల్ కాదు.

నిఖాని నలుగురికీ చాటమంది దీన్. ఉన్నోళ్లని పిలిచి లేనోళ్లని వదిలేసిన వలీమా తిండి అన్నిటికన్నా చెడ్డదంది హదీసు. టికెట్ కొనలేని పక్కింటి ఖాలాని వదిలేసి మేమెవరికి చాటుతున్నాం? రేపు మా బిడ్డ ఏడుస్తూ తిరిగొస్తే, అర్ధరాత్రి తలుపు తీసేది ఆ ఖాలాయే.