లిపిని విడిచిన భాష, లిపిని విడువని భాష

ఒక జాతి తన పూర్వుల వ్రాతను తన మనుమలు చదువలేని స్థితికి తెచ్చుట ధర్మమేనా? చదువు సులభమగుటకై అట్లు చేసినచో దోషము తొలగునా? ఈ ప్రశ్నను తర్కముతో తేల్చుటకంటె, దీనిని కార్యరూపమున నెదుర్కొన్న రెండు జాతుల చరిత్రలో చూచుట మేలని తలచి, తుర్కీభాషను బర్మాభాషను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింప బూనితిమి. ఒకటి ఆసియా ఖండపు పడమటి కొసను, వేఱొకటి తూర్పునను నున్నవి. రెంటికిని చుట్టరికము లేదు. తుర్కీ మధ్య ఆసియా మైదానముల నుండి వచ్చిన కుటుంబమునకు చెందినది. బర్మాభాష టిబెట్టు భాషకు దాయాది.

అయినను తెలుగువానికి రెండును కొంత పరిచితములుగనే తోచును. రెంటను క్రియ వాక్యము చివర వచ్చును. విభక్తులు నామమునకు వెనుక చేరును. తుర్కీలో 'ఎవ్' అనగా ఇల్లు, 'ఎవ్‌లెర్' అనగా ఇండ్లు, 'ఎవ్‌లెరిమిజ్‌దె' అనగా మన యిండ్లలో. గుఱ్ఱము 'అత్' కాగా గుఱ్ఱములు 'అత్‌లర్' అగును. ముందున్న అచ్చును బట్టి ప్రత్యయములోని యచ్చు మారును. మనము 'హరికి' అనియు 'గురువుకు' అనియు పలుకుట లేదా? వారి బహువచనపు లకారమును చూచి మన 'లు'తో ముడివేయవలెనని యుబలాటము కలుగును. 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించిన కాల్డువెల్ దొరయే మన భాషలకును 'సిథియను' భాషలకును బంధుత్వము గలదని వాదించెను. తరువాతి పండితులలో పెక్కురు దాని నామోదింపలేదు. పోలిక వేఱు, పుట్టుక వేఱు.

బర్మాభాషలో స్వరము యొక్క హెచ్చుతగ్గులను బట్టి యర్థము మారును. 'ఖా' అను నొక్క ధ్వనిని ఒక తీరున పలికిన 'కదలించు' అనియు, మఱొక తీరున పలికిన 'చేదు' అనియు నర్థము. తుర్కీలో ఇట్టి చిక్కు లేదు. అతడు, ఆమె, అది యను మూటికిని వారు 'ఓ' యను నొక్క మాటతో సరిపెట్టుకొందురు. బర్మాలోనో మర్యాదగా 'నేను' అనుటకు పురుషుడు వాడు మాట వేఱు, స్త్రీ వాడు మాట వేఱు. వాని మూలార్థములు దాసుడు, దాసి. యానాం ప్రక్కనున్న కోరంగి రేవు పేరిట 'కోరంగీ'లని పిలువబడిన మన తెలుగు కూలీలు రంగూను రేవులలో ఈ వినయపు మాటలనే వినియుందురు. ఆ మాటల మెత్తదనము 1930 మే నెలలో తెలుగు కూలీలకును బర్మీయ కూలీలకును జరిగిన ఘోర కలహమును ఆపలేకపోయినది. అది వేఱు కథ.

ఇక లిపి సంగతి. 1928 ఆగస్టులో ముస్తఫా కెమాల్ ఇస్తాంబూలులో క్రొత్త రోమను అక్షరములను ప్రకటించెను. నవంబరు 1వ తేదీన చట్టమైనది. 1929 జనవరి నుండి పుస్తకములు క్రొత్త లిపిలోనే అచ్చు కావలెను. అయిదు నెలలు గడువకమున్నే శతాబ్దముల వ్రాత మూలబడినది. ఆ పనికి కారణము లేకపోలేదు. తుర్కీకి ఎనిమిది అచ్చులు కలవు. అరబ్బీ లిపికి వానినన్నిటిని విడివిడిగా చూపు శక్తి లేదు. 1932లో భాషాసంఘ మేర్పడి, అరబ్బీ పారసీక పదములను ఏరివేయుటకు పూనుకొన్నది. బడికి 'మెక్తెప్' పోయి 'ఒకుల్' వచ్చినది. మన కచేరీలలో మేమును వాడిన జవాబు వారికి 'జెవాప్'. దానికి పోటీగా 'యనిత్' అను మాటను నిలిపిరి. 1927లో కెమాల్ ఆఱు దినములలో ముప్పదియాఱు గంటలు చేసిన మహోపన్యాసమును, తరువాతి తరముల వారికి బోధపడుటకై నేటి తుర్కీలోనికి మార్చి ముద్రింపవలసి వచ్చినది. జాతిపితగా కీర్తింపబడినవాని మాటకే వాని జాతిలో టీక కావలసి వచ్చెనన్నమాట!

బర్మావారు దీనికి పూర్తిగా విరుద్ధమైన త్రోవ నడచిరి. పగాను చెంతనున్న మ్యజేడి శాసనము సుమారు 1113 నాటిది. ప్యూ, మోను, పాలీ భాషలతోపాటు బర్మాభాషలోను చెక్కబడినది. ఆ లిపి మన లిపివలెనే బ్రాహ్మీ సంతానము. గుండ్రని రూపమున మన కన్నులకు ఆప్తముగ నుండును. లిపి నిలిచినది గాని నోరు నిలువలేదు. పాలీలోని 'సచ్చ' అను మాటను, అనగా సత్యమును, మూలమున నున్నట్లే వ్రాసి 'థిస్సా' యని పలుకుదురు. రాజధానిగా నుండిన నగరము పేరును రకారముతో వ్రాసి యకారముతో పలుకుదురు. ఆంగ్లేయులు రంగూను అన్నదియు, 1989 నుండి ప్రభుత్వము యాంగోన్ అనుచున్నదియు ఒక్క వర్ణక్రమమే. వ్రాతభాష వేఱు, మాటభాష వేఱుగా నుండుట సహింపక, 1960ల నడుమ కొందఱు రచయితలు మాటభాషలోనే వ్రాయవలెనని యుద్యమించిరి. నేటికిని గంభీర రచనలలో పాతదియే చెల్లుచున్నది. పర్లాకిమిడిలో నుండి గిడుగు రామమూర్తి పంతులుగారు మనకొఱకు చేసిన పోరాటము నెఱిగినవారికి ఇది వింత కాదు. మేము పంతులుగారి పక్షమువారమే యైనను, అలవాటు చేత ఇట్లే వ్రాయుచున్నాము.

తుర్కీ సంస్కర్తల పక్షమున బలమైన వాదమొకటి కలదు. 1927 జనాభా లెక్కలలో పదింట ఒక్కడు మాత్రమే అక్షరాస్యుడు. తక్కిన తొమ్మిదిమందికి పోయినదేమి? లేని సొమ్ము పోదు కదా. ఈ మాట వినుటకు న్యాయముగనే యుండును. కాని తండ్రి సమాధిపై నున్న వ్రాత, పొలము దస్తావేజు చదువురాని వానివి కాకపోవునా? వాని మనుమడు చదువుకొన్నాడు; చదువుకొనియు తాత పేరును తాత సమాధిపై గుర్తింపలేకున్నాడు. నష్టము పడినవాడు నాడు ఇంకను పుట్టనివాడు. వానిని అడుగుట యెట్లు?

లిపి సులువైననే చదువు వ్యాపించుననుట కూడ సగము నిజమే. 1901 లెక్కలలో చిక్కు వర్ణక్రమము గల బర్మాలో పురుషులలో మూడవవంతుకు పైగా చదువ నేర్చినవారు. భారతదేశము మొత్తము మీద పురుషులలో పదింట ఒకరు. స్త్రీల సంఖ్య అచటను స్వల్పమే యనుట మరువరాదు. పురుషుల చదువునకు కారణము భిక్షువుల విహారము. బర్మాభాషలో 'చౌఙ్' అను నొక్క మాట విహారమునకును బడికిని చెల్లును. కావున లిపికంటె గురువు ముఖ్యము. తుర్కీలోను క్రొత్త యక్షరములతోపాటు ఊరూర పెద్దలకు సైతము బడులు తెఱచిరి. ఆ కీర్తిని అంతయు అక్షరములకే కట్టబెట్టరాదు. మార్చుట పాపమని మేమనము; పాత తలుపును గడియవేయుట మాత్రము అధికప్రసంగమే. 2014లో ఆ దేశపు విద్యామండలి పాత లిపిని బడులలో నేర్పవలెనని సిఫారసు చేయగా పెద్ద వివాదము రేగినది. ఎనుబదియాఱేండ్ల తరువాత ఆ తలుపును మరల తట్టుచున్నారు.

మన యిండ్ల సంగతి చూడుడు. చెన్నపురిలో, బెంగుళూరులో, బరంపురములో మన పిల్లలు తెలుగు మాటలాడుదురు, చదువలేరు. తమిళనాట 2006 చట్టము తరువాత బడులలో తమిళము తప్పనిసరి యైనది. చాలచోట్ల ఏ చట్టమును లేకయే మనమే విడిచితిమి. మనకు కెమాల్ పాషా యెవ్వడును లేడు. ఇంటిలో పెద్దల లేఖలు, ఆస్తి పత్రములు, పెండ్లి శుభలేఖలు పెట్టెలో నున్నవి. పేరు చదువుటకు పొరుగువానిని పిలువవలసిన యిండ్లు మేమెఱిగినవే కలవు. అయినను తుర్కీ బాలునికి లేని సదుపాయము మనకున్నది. కన్నడ మెఱిగిన బాలునకు తెలుగు లిపి కొన్ని వారముల పని. రెండును ఒక్క పాత లిపి నుండి చీలినవే, తలకట్టు వేఱు. తమిళ, ఒడియా, మరాఠీ సీమలవారికి శ్రమ కొంత హెచ్చు. ఐనను ఆ లిపులును మనదానివలెనే బ్రాహ్మీ సంతానమే. అచ్చులు హల్లుకు గుణింతముగ చేరుటయు ఎడమ నుండి కుడికి సాగుటయు వారికి క్రొత్త కాదు. ఇస్తాంబూలు మనుమడు తాత జాబును విప్పినచో, ఏ వైపునుండి మొదలిడవలెనో ముందుగా నేర్చుకొనవలెను.