తప్పు ఎవరిది, బాధ్యత ఎవరిది

రాకెట్ ప్రయోగం ఉందంటే నెల్లూరులో మేమంతా మిద్దెక్కేవాళ్ళం. దక్షిణాన ఓ నిప్పు చుక్క, వెనకే తెల్లటి గీత. చప్పట్లు కొట్టి దిగిపోయేవాళ్ళం. అది పైకి పోకపోతే ఆ తీరాన ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకుంటారని అప్పట్లో ఆలోచించలేదు. టీమ్ లీడ్ అయ్యాక ఆలోచించాల్సొచ్చింది.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన మొదటి ఎస్ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడిపోయింది. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందు మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ కూర్చుని, బాధ్యత తనదన్నారు. 1980 జులై 18న రోహిణి కక్ష్యలోకి చేరాక, ఈసారి మీరే మాట్లాడండని కలాంని పంపారు. కలాం ఎన్నో సభల్లో చెప్పిన ఈ కథ మేనేజర్ల ట్రైనింగుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. విని, కాస్త కదిలిపోయి, టీ తాగి వచ్చేస్తాం.

తను చేయని తప్పుని నెత్తిన వేసుకోవడం అబద్ధం కాదా? ఈ ప్రశ్న నన్ను చాన్నాళ్ళు తొలిచింది. జవాబు కథలో మనం వదిలేసే సగంలో ఉంది. రెండో దశ కంట్రోల్ వ్యవస్థలో ఆమ్లం కారిపోవడమే వైఫల్యానికి కారణమని తేలింది. కౌంట్‌డౌన్‌లో కనిపించిన ఆ లీకుని చిన్నదని తీసిపారేసింది తనేనని కలాం సమీక్షలో లేచి నిలబడి ఒప్పుకున్నారు. ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు.

అంటే బయట ధావన్ తీసుకున్నది బాధ్యత. లోపల కలాం ఒప్పుకున్నది తప్పు. బాధ్యత ఇంకొకరి తరఫున తీసుకోవచ్చు. తప్పు మాత్రం చేసినవాళ్ళే ఒప్పుకోవాలి. అలా ఒప్పుకున్నాక కూడా తర్వాతి ప్రయోగం కలాం చేతిలోనే ఉంది. ఇది లేకపోతే మిగతాదంతా నాటకమే.

మా టీములో ఓ కుర్రాడు చేసిన మార్పు వల్ల క్లయింటు సిస్టమ్ ఒక రాత్రంతా ఆగిపోయింది. కాల్‌లో "బాధ్యత నాది" అన్నాను. ధావన్‌నైపోయాననుకున్నాను కూడా. కానీ అతన్ని కూర్చోబెట్టి ఏం జరిగిందని అడగలేదు. పాపం, బాధపడతాడులే అనుకున్నా. నిజానికి ఆ మాట ఎత్తే ధైర్యం నాకే లేదు. ఆర్నెల్ల తర్వాత అప్రైజల్‌లో మాత్రం ఆ రాత్రిని గుర్తుపెట్టుకుని రేటింగ్ తగ్గించి రాశాను.

"అన్నా, ఆ రోజే నాతో చెప్పుంటే సరిపోయేది కదా" అన్నాడు.

కష్టమైన మాట ఎలా మొదలుపెట్టాలో నేర్పే వర్క్‌షాపులు బోలెడున్నాయి. నిజం చెప్పినవాడికి ఆ తర్వాత ఏమవుతుందో ముందే చెప్పమని నేర్పినవి నేను చూడలేదు. నెల జీతం మీద ఈఎంఐలు కట్టేవాడు మనల్ని ముందు చదివేది ఆ ఒక్క విషయంలోనే.

అతను వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. మొన్న ఫోన్ చేశాను. ఈసారి బాధ్యత అనే మాట వాడలేదు. "తప్పు నాదిరా" అన్నాను.