కాంతిని మోసే గాజు, దాని ధర్మం

సమాచారాన్ని దూరాలకు మోసే ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి నడిచే నడిమి గాజుభాగమైన కోర్ వ్యాసం సుమారు 9 మైక్రాన్లే కాగా, అధికశక్తి లేజర్‌ను అంత ఇరుకులో నింపితే తీవ్రత పెరిగి గాజే దెబ్బతింటుంది కనుక, అక్కడ కోర్‌ను వెడల్పు చేస్తారు. అటువంటి ఫైబర్ గుండా వెళ్లిన లేజర్ వైద్యుడి చేతిలో మూత్రపిండాల రాళ్లను పొడి చేస్తుంది. మరోవైపు, 2025 ఏప్రిల్‌లో కర్నూలు వద్ద భారత రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ పరీక్షించిన 30 కిలోవాట్ల లేజర్ ఆయుధం డ్రోన్‌ను కూల్చింది. సాధనానికి పాపపుణ్యాలు అంటవనీ, ఫలం కర్తదేననీ అనడం సులువే గాని, ఆయుధంగానే పుట్టిన వస్తువుకు ఆ సమాధానం చాలదు. తమిళనాడులోని నేటి ధర్మపురి అయిన తగడూరును ఏలిన రాజు అదియమాన్ దూతగా వెళ్లిన ప్రాచీన తమిళ కవయిత్రి ఔవయ్యార్, ప్రత్యర్థి రాజు తొండైమాన్ ఆయుధశాలలో మెరిసే ఆయుధాలను మెచ్చుకుంటూనే, తన రాజు ఆయుధాలు పోరులో విరిగి కమ్మరి కొలిమికి చేరాయని తమిళ కవితా సంకలనమైన పుఱనానూరులో పలికింది. విరిగిన ఈటె జరిగిన హింసకు సాక్ష్యం చెప్పగలిగింది. కాంతి మాత్రం లక్ష్యాన్ని కాల్చిన తరువాత, ప్రయోగించినవాడి చేతిలో ఏ గుర్తునూ మిగల్చదు.