రోజా చాటున దాగే రోగం



దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) మదీనాకు వచ్చిన తర్వాత హజ్రత్ సల్మాన్ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి)ల మధ్య సోదర బంధం ఏర్పరిచారు. ఒకసారి సల్మాన్ (రజి) తన సోదరుణ్ణి చూడటానికి ఆయన ఇంటికి వెళ్లారు. అబూ దర్దా (రజి) అతిథి ముందు భోజనం పెట్టారు. తాను మాత్రం నఫిల్ రోజా పాటిస్తున్నానని చెప్పారు. అందుకు సల్మాన్ (రజి), మీరు తింటే తప్ప నేనూ తినను అన్నారు. అబూ దర్దా (రజి) ఆయనతో కలిసి తిన్నారు. ప్రభువుకు మనపై హక్కు ఉన్నట్లే మన ప్రాణానికీ, మన ఇంటివారికీ మనపై హక్కు ఉందని సల్మాన్ (రజి) ఆయనకు నచ్చజెప్పారు. ఈ సంగతి విన్న దైవప్రవక్త (సఅసం) సల్మాన్ చెప్పింది నిజమేనన్నారు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) ఈ వృత్తాంతాన్ని తమ హదీసు సంకలనంలో పొందుపరిచారు.

ఆలోచించండి! ఆరోగ్యవంతుడైన ఒక సహాబీ నఫిల్ ఆరాధన కోసం ఆహారం మానితేనే శరీరానికి గల హక్కును గుర్తుచేయవలసి వచ్చింది. మరి రోగం వల్ల ఆహారం మానిన బిడ్డ విషయంలో మన బాధ్యత ఎంత పెద్దది!

మన ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. కూతురు రమజాను ముగిశాక కూడా వరుసగా రోజాలు పాటిస్తుంది. సహరీలో నీళ్లు తాగి లేస్తుంది, ఇఫ్తార్‌లో ఖర్జూరం ముట్టుకుని పక్కకు వెళుతుంది. మనిషి చిక్కిపోతూ ఉంటుంది. చూసినవారు ఎంత భక్తి, ఎంత నిగ్రహం అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు వెనుక ఒక ప్రాణాంతక రోగం పెరుగుతూ ఉండవచ్చన్న అనుమానం ఎవరికీ రాదు.

ఇది మొండితనం కాదు

ఈ జబ్బులను వైద్యులు ఈటింగ్ డిజార్డర్లు అంటారు. వీటిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది అనొరెక్సియా నెర్వోసా. ఇది సోకినవారు లావైపోతామన్న తీవ్ర భయంతో ఆహారం తగ్గించుకుంటారు. ఎముకలు తేలినా తాము లావుగానే ఉన్నామని నమ్ముతారు. లండన్‌లో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లాసెగ్ అనే వైద్యులు 1873లోనే దీన్ని వర్ణించారు. రెండవది బులీమియా నెర్వోసా. ఇందులో రోగి అదుపు తప్పి ఎక్కువగా తింటాడు. ఆ తర్వాత భయంతో వాంతి చేసుకోవడమో, కఠినంగా పస్తులుండడమో, మితిమీరి వ్యాయామం చేయడమో జరుగుతుంది. 1979లో జెరాల్డ్ రసెల్ అనే వైద్యుడు దీనికి ఈ పేరు పెట్టాడు. మూడవది బింజ్ ఈటింగ్ డిజార్డర్. ఇందులోనూ తిండిపై అదుపు తప్పుతుంది, ఒంటరిగా తినడం, తిన్నాక సిగ్గుతో కుమిలిపోవడం ఉంటాయి. అయితే తిన్నదాన్ని బయటికి పంపే ప్రయత్నం ఉండదు. దీన్ని 2013లో అమెరికా మానసిక వైద్యుల రోగ నిర్ధారణ గ్రంథం ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది.

ఇవి ఆడపిల్లలకే పరిమితం కాదు. కండలు పెంచాలన్న ధ్యాసలో తిండిని శత్రువుగా చూసే అబ్బాయిలూ ఉన్నారు. బులీమియా రోగులు చాలామంది మామూలు బరువుతోనే కనిపిస్తారు. కాబట్టి సన్నగా లేదు కదా, జబ్బేమిటి అనుకోరాదు.

కడుపు నిండా తింటే అదే పోతుంది కదా అని కొందరంటారు. ఆకలి మనసును ఎలా మారుస్తుందో వారికి తెలియదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944-45లో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు, వారి అంగీకారంతోనే, దాదాపు 6 నెలలు అరకొర ఆహారం ఇచ్చి పరిశీలించాడు. వారికి రాత్రింబవళ్లు తిండి ధ్యాసే పట్టుకుంది. చికాకు, దిగులు పెరిగాయి. నలుగురిలో కలవడం మానేశారు. ఎండాకాలంలోనూ చలి అనిపించింది. దృఢమైన యువకుల మనసే అలా మారితే, ఆకలితో కృశించిన చిన్నపిల్లను మొండిదని నిందించడం న్యాయమా?

రోగాన్ని గుర్తించడం ఎలా?

1999లో బ్రిటన్ వైద్యులు ఐదు ప్రశ్నలతో ఒక చిన్న పరీక్షను రూపొందించారు. కడుపు నిండిందన్న ఇబ్బందితో కావాలని వాంతి చేసుకుంటున్నారా? ఎంత తింటున్నారో అదుపు తప్పిందన్న ఆందోళన ఉందా? 3 నెలల కాలంలో 6 కిలోలకు పైగా తగ్గారా? ఇతరులు సన్నగా ఉన్నావంటుంటే మీరు లావుగా ఉన్నామని నమ్ముతున్నారా? తిండి ఆలోచనే జీవితాన్ని ఏలుతోందా? వీటిలో రెండింటికి అవునని జవాబు వస్తే వైద్యుణ్ణి కలవాలి. ఈ ప్రశ్నలు అనుమానాన్ని మాత్రమే తెలుపుతాయి. నిర్ధారించవలసింది వైద్యుడే.

ఇంట్లోవారు గమనించవలసిన సంకేతాలు మరికొన్ని ఉన్నాయి. దస్తర్‌ఖాన్ దగ్గరికి రాకుండా సాకులు చెప్పడం, తిన్న వెంటనే స్నానాలగదిలోకి వెళ్లడం, వదులు దుస్తుల్లో శరీరాన్ని దాచుకోవడం, నెలసరి ఆగిపోవడం, కళ్లు తిరగడం, జుట్టు రాలడం, పళ్లపై పింగాణీ పొర అరగడం. వైద్యుడు బరువు, నాడి, రక్తపోటు చూస్తాడు. రక్తంలో పొటాషియం, ఫాస్ఫేటు పరీక్షిస్తాడు, గుండెకు ఈసీజీ తీయిస్తాడు. థైరాయిడ్, మధుమేహం, క్షయ వంటి జబ్బుల వల్ల బరువు తగ్గలేదని తేల్చుకుంటాడు. రక్త పరీక్షలన్నీ మామూలుగా వచ్చినంత మాత్రాన రోగం లేదని అర్థం కాదు. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పి ప్రాణమే పోవచ్చు. స్పృహ తప్పినా, గుండె దడ వచ్చినా, చనిపోవాలనుందని అన్నా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చికిత్స ఉంది

అల్లాహ్ ఏ రోగాన్ని సృష్టించినా దానికి చికిత్స కూడా సృష్టించాడని, వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. మనసు రోగాలకు వైద్యం పరాయి సంస్కృతి అనుకునేవారు అబూ జైద్ అల్ బల్ఖీని తెలుసుకోవాలి. క్రీ.శ. 934లో మరణించిన ఈ ముస్లిం పండితుడు దేహానికీ మనసుకూ కలిపి ఆరోగ్య సూత్రాలు చెబుతూ ఒక గ్రంథమే రాశాడు. దుఆ చేయండి, ఖుర్ఆన్ పారాయణం చేయండి. కానీ గాలి సోకిందంటూ తాయెత్తుల వెంట తిరిగి నెలలు పోగొట్టుకోకండి.

ఈ జబ్బుకు తొలి మందు ఆహారమే. అయితే బాగా కృశించినవారికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టరాదు. అలా పెడితే రక్తంలో ఫాస్ఫేటు హఠాత్తుగా పడిపోయి గుండెకు ప్రమాదం వస్తుంది. అందుకే వైద్యుని పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచాలి. కౌమారంలో ఉన్న పిల్లలకు, లండన్‌లోని మాడ్‌స్లే ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకున్న కుటుంబ చికిత్స మేలు చేస్తోంది. ఇందులో తల్లిదండ్రులపై నింద వేయరు. మొదట్లో బిడ్డకు ఏమి, ఎంత పెట్టాలో వారే నిర్ణయించి ప్రతి పూటా పక్కన కూర్చుని తినిపిస్తారు. బరువు కుదురుకునే కొద్దీ ఆ బాధ్యతను బిడ్డకు తిరిగి అప్పగిస్తారు. పక్కన కూర్చుని, నువ్వు తింటేనే నేనూ తింటానన్న సల్మాన్ (రజి) మాట ఇక్కడ గుర్తుకు రావడం లేదూ?

బులీమియా, బింజ్ ఈటింగ్ రోగులకు ఆలోచనా విధానాన్ని సరిదిద్దే కౌన్సెలింగ్ చికిత్స ప్రధానం. బులీమియాకు ఫ్లూయాక్సిటిన్ అనే మందు కూడా ఉపయోగపడుతుంది. అనొరెక్సియాను మాత్రలే నయం చేయవు. కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు పడుతుంది. మధ్యలో తిరగబెట్టినా నిరాశ పడకూడదు.

రోజా సంగతి

దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో అల్లాహ్ రోగులకు రోజా విషయంలో సడలింపు ఇచ్చి, తర్వాతి రోజుల్లో పూర్తి చేసుకోమన్నాడు. తన దాసులకు సౌలభ్యాన్నే కోరుతున్నానని కూడా తెలిపాడు. ఈటింగ్ డిజార్డర్ కూడా రోగమే. రోజా ప్రమాదమని వైద్యుడు చెబితే ఆ మాట వినడం ఈమాన్ లోపం కాదు, అల్లాహ్ ఇచ్చిన కానుకను స్వీకరించడం. తర్వాత ఖజా చేయాలా, ఫిద్యా ఇవ్వాలా అన్నది రోగి పరిస్థితిని వివరించి ఆలిమ్‌ను అడగండి. ఉద్దేశపూర్వకంగా వాంతి చేసుకుంటే రోజా భంగమవుతుందన్న సంగతీ ఈ రోగులకు మృదువుగా తెలియజేయాలి. కోలుకున్నవారు కూడా వైద్యుణ్ణి అడగకుండా రోజాలు మొదలుపెట్టరాదు. ఆకలి పాత జబ్బును తట్టి లేపగలదు.

అబూ దావూద్ సంకలనంలో ఒక సంఘటన ఉంది. తలకు గాయమైన ఒక వ్యక్తికి స్నానం విధి అయింది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటివారిని అడిగాడు. వారు తెలియకుండానే వీల్లేదన్నారు. అతడు స్నానం చేసి మరణించాడు. ఈ కబురు విని దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా ఆగ్రహించారు. అతని చావుకు ఆ జవాబిచ్చినవారినే బాధ్యుల్ని చేశారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవాలన్నారు. కూతురితో రోజా వదలొద్దని అనే ముందు ప్రతి తల్లీ తండ్రీ ఈ హదీసును గుర్తుచేసుకోవాలి.

నాలుకను అదుపులో పెట్టండి

ఈ జబ్బుకు కారణం ఒక్కటే కాదు. పుట్టుకతో వచ్చే స్వభావం, ఆందోళన, డైటింగ్, చుట్టుపక్కలవారి మాటలు అన్నీ కలుస్తాయి. వీటిలో మన చేతిలో ఉన్నది మన మాట. లావుగా ఉంటే సంబంధాలు రావని, పెళ్లిలో అందరి ముందు బిడ్డ ఒంటి గురించి ఎగతాళి చేయడం మనకు అలవాటైపోయింది. హుజురాత్ సూరా ఇతరులను ఎగతాళి చేయడాన్ని, చెడ్డపేర్లతో పిలవడాన్ని నిషేధించింది. ఇంటి బిడ్డకు ఆ నిషేధం వర్తించదా?

సహాయానికి ముందుగా మీకు దగ్గరలోని డాక్టరును, ఆయన ద్వారా మానసిక వైద్యుణ్ణి కలవండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. పరువు పోతుందని దాచకండి. ఎంత త్వరగా వైద్యం మొదలైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ.

ఈ రోజు ఇఫ్తార్ వేళ, లేదా రాత్రి భోజనం వేళ, దస్తర్‌ఖాన్ చుట్టూ ఒకసారి చూడండి. ఎవరు రావడం లేదో గమనించండి. తిట్టకుండా, బతిమాలకుండా వెళ్లి పక్కన కూర్చోండి.

అల్లాహ్ మన బిడ్డలకు ఆరోగ్యాన్ని, మనకు వారి బాధను గుర్తించే చూపును, నొప్పించని నాలుకను ప్రసాదించుగాక! ఆమీన్.