మా నాయిన చేతికి ఎన్ని మార్కులు?

మార్కులు గొప్పవా, చేతిలో పని గొప్పదా అని ఇప్పుడు కాలేజీల్లో చర్చలు పెడుతున్నారు. నేను పాఠం చెప్పే ఇంజనీరింగు కాలేజీలో కూడా ఏటా పెడతారు. కంపెనీల నుంచి వచ్చిన పెద్దలు వేదికెక్కి, ‘‘మీ డిగ్రీలు మాకక్కర్లేదు, మీకేం పని వచ్చో చెప్పండి చాలు’’ అంటారు. పిల్లలు చప్పట్లు కొడతారు. నేను వెనక కుర్చీలో కూచొని నా చేతులు చూసుకుంటుంటాను. ఈ చేతులకు తోలుపని రాదు. మా నాయిన చేతులకు వచ్చు. నా చేతులకు రాకుండా చేసింది మా నాయినే.

మాది అప్పటి నల్లగొండ జిల్లాలో సూర్యాపేట వైపు ఒక పల్లె. మాదిగవాడలో పుట్టిన. మా ఇంటి వెనక లంద ఉండేది. ఊళ్లో ఎద్దు చచ్చినా బర్రె చచ్చినా మా నాయినకే కబురు. తెచ్చిన తోలును సున్నపు నీళ్లలో నానబెట్టేవాడు. వెంట్రుక వదిలాక గీకి, కడిగి, తంగేడు చెక్క, కరక్కాయ దంచి కలిపిన నీళ్లలో వారాల తరబడి ఊరేసేవాడు. ఎండాకాలం ఒక లెక్క, ముసురు పట్టినప్పుడు ఇంకో లెక్క. తోలు పండిందో లేదో వేలితో నొక్కి, వాసన చూసి చెప్పేవాడు. నా చిన్నతనానికి ఊళ్లో ఇంకా రెండు మూడు మోటలు మిగిలున్నయి. వాటికి బొక్కెనలు కుట్టేది మా నాయినే. కుట్టు కారితే నీళ్లు మడికి చేరవు, తిట్లు మాత్రం మా ఇంటికి చేరేవి. ఊరందరికీ చెప్పులు కుట్టినోడు దొర వాకిలి ముందర తన చెప్పులు చేతుల్లో పట్టుకొని నడిచేవాడు.

ఇదంతా నైపుణ్యమని ఆ రోజుల్లో ఎవరూ అనలేదు. ‘మాదిగపని’ అన్నారు. పనికి పెట్టిన పేరూ తిట్టుకు పెట్టిన పేరూ ఒకటే.

ఆరో తరగతిల ఉన్నప్పుడు ఒక సెలవు రోజు మా నాయిన పక్కన కూచొని ఆరె చేతికి తీసుకున్న. ఆయన గుంజుకున్నడు. ‘‘ఇది వట్టుకుంటె మళ్ల ఇడిశిపెట్టదు కొడుకా. నువ్వు కలం వట్టు’’ అన్నడు. కోపంగా అనలే, బతిమాలినట్టు అన్నడు. మా నాయినకు తన పని మీద ప్రేమ లేదని కాదు. తోలు మంచిగ వస్తే దాన్ని చేత్తో నిమిరి మా అమ్మను పిలిచి చూపించేవాడు. కాని ఆ ప్రేమతో కొడుకు కడుపు నిండదని, కొడుకు పేరు మారదని ఆయనకు తెలుసు. అట్ల నేను సోషల్ వెల్ఫేర్ హాస్టలుకు పోయిన. నీళ్ల చారు, పురుగుల అన్నం తిని పది పాసయిన.

డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకున్న. ఒకరోజు ల్యాబులో మా లెక్చరరు పరీక్షనాళికలో టానిన్ ద్రావణం పోసి ఫెర్రిక్ క్లోరైడు చుక్క వేసిండు. నీలి నలుపు రంగొచ్చింది. క్లాసంతా వింతగా చూసింది. నాకు వింత కాలేదు. మా నాయిన తోలుకు నలుపెక్కించాలంటే తుప్పు ఇనుము నానేసిన నీళ్లు పూసేవాడు. కరక్కాయల ఊరిన తోలు ఇనుము తగిలితే నల్లబడుతుందని మా వాడకట్టులో పిల్లలకు కూడా తెలుసు. చెయ్యెత్తి ‘సార్, ఇది మా ఇంట్ల రోజూ చూస్త’ అనొచ్చు. అనలే. అంటే నేనెవరో తెలుస్తది. నాకు తెలిసిన ఒకే ఒక శాస్త్రాన్ని నోట్లోనే మింగేసిన.

పరీక్షల్లో ఇంకోటి చూసిన. థియరీ పేపర్ల మీద పేరుండదు, నంబరుంటది. వాటిల్లో నాకు డెబ్బైకి పైనే వచ్చినయి. ప్రాక్టికల్సులో ఎదుట నిలబడాలె. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నేను చేసిన ప్రయోగం చూసే ముందు నన్ను చూసిండు. ‘‘ఏ ఊరు? మీ నాన్న ఏం చేస్తాడు?’’ అన్నడు. ‘‘వ్యవసాయం సార్’’ అన్న. మాకు గుంట భూమి లేదు. ఆయన నమ్మినట్టు లేడు. ఫలితాలు వచ్చినప్పుడు నూటికి నూరు పాళ్లు సరిగ్గా చేసిన ప్రయోగానికి యాభైకి ముప్పైరెండు. మార్కులు పోయినందుకు బాధ కొన్నాళ్లుంది. అబద్ధమాడి మా నాయిన పనిని కాదన్నందుకు బాధ ఇప్పటికీ ఉంది.

చేతిపనిని కళ్లతో చూసి కొలుస్తారు. కన్ను మనిషిని కూడా చూస్తది, మనిషి వెనక వాడను కూడా చూస్తది. నంబరు వేసిన పేపరు నన్ను దాచింది. అందుకే ఆ పేపరు నాకు న్యాయం చేసింది. చదువుకున్న మిత్రులు మార్కులను ఎగతాళి చేసినప్పుడల్లా నాకు ఈ మాట గుర్తొస్తది. వాళ్లకు మార్కు అంటే కాగితం. నాకు అది సాక్షి. నా తరఫున నోరు తెరిచి మాట్లాడిన మొట్టమొదటి సాక్షి.

1990 ఆగస్టులో మండల్ సిఫారసులు అమలు చేస్తామని వి.పి. సింగ్ ప్రకటించినప్పుడు నేను ఎమ్మెస్సీలో చేరిన. పేపర్లలో ఫొటోలొచ్చినయి. అగ్రవర్ణాల విద్యార్థులు రోడ్ల మీద కూచొని బూట్లు పాలిష్ చేస్తున్నరు, చీపుర్లు పట్టి ఊడుస్తున్నరు. ‘మా ప్రతిభకు ఈ గతి పట్టిస్తారా’ అని దాని అర్థం. 2006లో ఉన్నత విద్యాసంస్థల్లో బీసీ రిజర్వేషన్లు వచ్చినప్పుడు మెడికల్ విద్యార్థులు మళ్లీ అదే వేషం వేసిన్రు. చేతిపని నిజంగా అంత గొప్పదైతే అది చేసుడు వాళ్లకు అవమానమెట్లయింది? వాళ్లు ఒక్కపూట నటించిన అవమానాన్ని మా నాయిన బతుకంతా బతికిండు.

ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు చేతిల పట్టుకొని హైదరాబాదు చుట్టుపక్కల మందుల కంపెనీలు తిరిగిన. ఒక చోట, ‘‘మార్కులు బాగానే ఉన్నయి గాని ప్రాక్టికల్ నాలెడ్జి ఉందా?’’ అన్నరు. ఇంకో చోట ప్రాక్టికల్ గురించి అడగలేదు. ‘‘ఈ మార్కులు రిజర్వేషన్ మీద వచ్చినవేనా?’’ అని నవ్విన్రు. రిజర్వేషన్ సీటుకు ఉంటది, మార్కుకు ఉండదు. ఆ సంగతి వాళ్లకు తెలువదని నేననుకోను.

ఇది నా ఒక్కడి గోడు కాదు. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ పేపర్లలో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమానమైన చదువులతో దరఖాస్తులు పంపి చూసిన్రు. మార్చింది పేర్లే. అగ్రవర్ణమని తెలిసే పేర్లతో పోలిస్తే దళిత పేర్లకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే ఉందని 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన్రు. అదే ఏడు సురిందర్ జోధ్కా, కాథరీన్ న్యూమన్ ఉద్యోగాలిచ్చే అధికారులను కలిసి మాట్లాడిన సంగతులు కూడా ఆ పత్రికలోనే వచ్చినయి. ఆ అధికారులు కులం చూడమన్నరు, ప్రతిభే చూస్తమన్నరు. కాని కుటుంబ నేపథ్యం తప్పకుండా అడుగుతమన్నరు. నన్ను వైవాలో అడిగిన ప్రశ్న అదే.

‘చదువుకన్నా పని ముఖ్యం’ అన్న మాటకు మన దేశంలో పాత చరిత్ర ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ఒక ప్రాథమిక విద్యా పథకం తెచ్చింది. పిల్లలు రోజుకు మూడు గంటలు బడిలో చదవాలె, మిగిలిన పొద్దు తల్లిదండ్రుల దగ్గర వాళ్ల పని నేర్చుకోవాలె. అంటే మాదిగ కొడుకు లంద కాడికి, చాకలి కొడుకు రేవుకు. పెరియార్, ద్రావిడ ఉద్యమం దాన్ని కులవిద్య అని తిప్పికొట్టినయి. 1954లో రాజాజీ దిగిపోయిండు, కామరాజ్ వచ్చి దాన్ని ఎత్తేసిండు. మా ఊరు అప్పుడు హైదరాబాదు రాష్ట్రంలో ఉంది, ఆ పథకం మా దాకా రాలేదు. వచ్చి ఉంటే మా నాయిన ఏమనేవాడో నాకు తెలుసు. 2023లో కేంద్రం విశ్వకర్మ పథకం పెట్టి, చెప్పులు కుట్టేవాళ్లతో సహా పద్దెనిమిది వృత్తులకు శిక్షణ, పనిముట్లు, అప్పులు ఇస్తమన్నది. కుటుంబ వృత్తి చేసేవాళ్లకే అన్న నిబంధన తీసెయ్యాలని అడిగి, ఆ రూపంలో తాము అమలు చేయమని 2024లో తమిళనాడు చెప్పింది. అప్పు ఇస్తే తప్పులేదు. తండ్రి పనినే కొడుక్కు అంటగట్టే నిబంధన తప్పు. కులం పనిని పంచుడే కాదు, పనిచేసే మనుషులను విడదీసి మెట్ల మీద నిలబెట్టిందని అంబేద్కర్ 1936లోనే చెప్పిండు.

తోలుపనికి డిగ్రీ లేదా అంటే ఉంది. మద్రాసు అడయారులో 1948 నుంచి కేంద్ర తోలు పరిశోధన సంస్థ నడుస్తున్నది. అక్కడ తోలు శాస్త్రం. దాన్ని చదివినోళ్లను టెక్నాలజిస్టులంటరు. వాళ్లు నేర్చింది చాలా ఉంది, నేను కాదనను. కాని కరక్కాయ అక్కడికి పోతే శాస్త్రమై, మా లందల పడితే మైల ఎట్లయిందని మాత్రం అడుగుత.

ఇంతవరకు నాకు జరిగింది చెప్పిన. ఇక నేను చేసింది చెప్పాలె. ఈ వ్యాసం రాస్తున్నది దాని కోసమే.

చాలా ఏళ్లు తిరిగి ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరునయిన. మా కాలేజీలో ఎలక్ట్రికల్ చదివిన ఒక పిల్లవాడుండె. మా కులపోడే. సర్కారు బడిల తెలుగు మీడియం. ఇంటర్ నుంచే సెలవుల్లో మెకానిక్కు దగ్గర బావి మోటర్లు విప్పి వైండింగు చుట్టేవాడు. మా నాయిన మోటకు బొక్కెన కుట్టిండు, ఈ పిల్లవాడు మోటరుకు తీగ చుట్టిండు. హాస్టల్లో కరెంటు పోతే ఎలక్ట్రీషియన్ను కాదు, వాణ్ని పిలిచేవాళ్లు. కూలికి పోయిన రోజుల్లో క్లాసులు తప్పి రెండు సబ్జెక్టులు తప్పిండు. చివరికి యాభై ఏడు శాతం. మొదటొచ్చిన కంపెనీలు పదిలో, ఇంటర్లో, డిగ్రీలో మూడింట్లనూ అరవై ఉండాలన్నయి. వాడు గది గుమ్మం కూడా దాటలే.

2022లో ఒక కంపెనీ ‘మాకు మార్కులతో పనిలేదు, స్కిల్ చాలు’ అని వచ్చింది. వాడి మొఖం వెలిగింది. వడపోత మా అధ్యాపకులకే అప్పజెప్పిన్రు. నేనూ ఒకణ్ని. మా చేతికిచ్చిన కాగితం మీద మూడు గడులు: కమ్యూనికేషన్, కాన్ఫిడెన్స్, టెక్నికల్. మూడింట రెండు గడులు నోటికే. ఇంగ్లీషులో అడిగిన. వాడు తడబడ్డడు. చూపు దించుకున్నడు. చేతులు మాత్రం గాలిలో తీగ చుడుతున్నట్టు కదిలినయి. ఆ చేతులు నేను చూసిన. చూసి కూడా కమ్యూనికేషన్ గడిలో పదికి మూడు వేసిన. ఎక్కువ వేస్తే ‘కులపోడని వేసిండు’ అంటరేమోనని భయం. తోటి అధ్యాపకుడు తన బంధువు కొడుక్కు ఎనిమిది వేసిండు. ఆయనకు ఆ భయం లేదు.

బయటికొచ్చినంక వాడు అడిగిండు: ‘‘సార్, తెలుగుల అడిగి ఒక మోటరు ముంగట వెడితె విప్పి చూపెడ్తుంటి గద.’’ నాకు జవాబు లేదు. మార్కుల దారిలో పోతే పని లేదన్నట్టు, పని దారిలో పోతే నోరు లేదన్నట్టు, రెండు తలుపులూ మూసిన్రు. రెండో తలుపు గొళ్లెం పెట్టింది నేనే. ల్యాబులో నన్ను చూసిన ఆ పరీక్షకుని కన్ను నా మొఖంలోకి ఎప్పుడొచ్చిందో నాకు తెలువదు.

అప్పటి నుంచి నేను రెండు పనులు చేస్తున్న. వడపోతకు కూచుంటే ముందు తెలుగులో అడుగుత, బల్ల మీద వస్తువు పెట్టి చేయించి చూస్త. దానికి టైము లేదని కొందరు నన్ను పిలుసుడు మానేసిన్రు. మానేస్తే మానేయనీ. రెండోది, మన పిల్లలకు చెప్తున్న: మార్కులు వద్దన్న మాట నమ్మకున్రి. అవి జ్ఞానం కాదు, నిజమే. యాభై ఏడు శాతం ఆ పిల్లవాణ్ని కొలవలేకపోయింది. కాని పేరు దాచిన నంబరు తప్ప మన తరఫున మాట్లాడే సాక్షి ఇంకా పుట్టలేదు. ఉన్న సాక్షిని పోగొట్టుకొని, ఎదుటివాని కంటి దయకు మన చేతులు అప్పజెప్పకున్రి. అట్లాగని చేతుల పని దాచుకోకున్రి. నేను దాచుకున్న, సిగ్గుతో మిగిలిన.

మార్కులా, పనా అన్నది అసలు ప్రశ్న కాదని నాకిప్పుడు అనిపిస్తది. కొలిచేది ఎవరు, వాళ్లను కొలిచేది ఎవరు అన్నదే ప్రశ్న. ఆ కుర్చీలో కూచున్న మనవాళ్లం కూడా దీనికి జవాబు చెప్పాలె.

పోయిన ఏడు ఆ పిల్లవాడు పనిచేసే చోటికి పోయిన. ఒక కాంట్రాక్టరు కింద వైరింగు చేస్తున్నడు. ఫీజు రీయింబర్సుమెంటు బాకీ అని కాలేజీ వాళ్లు వాడి డిగ్రీ కాగితాలు ఇవ్వలేదు, అవి ఆఫీసు బీరువాలో ఉన్నయి. క్షమించమని అడిగిన. ‘‘మీదేం తప్పు లేదు సార్, మీ కాగితంల రాసిందే మీరు చేసిన్రు’’ అన్నడు. వాడు మర్యాదకన్న మాట అది. నేను మాత్రం ఆ కాగితం నాకెవరిచ్చిన్రని అడగకుండ రాసిన. వాడి పట్టా బీరువాలోంచి బయటికొచ్చేదాక ఆఫీసు చుట్టు తిరుగుతనని మాటిచ్చిన. ఇప్పటికింకా తిరుగుతున్న.